వెనకున్నదానికే

తేజ రకం. నలభై అయిదు టిక్కీలు.
కోల్డ్ స్టోరేజీ, నాలుగో గది.
గేటు పాసు రాసే చెయ్యి నాదే.
కళ్ళు మాత్రం తాష్కెంట్‌లో ఉన్నాయి,
స్టాంపు ప్యాడుకి ఆనించి పెట్టిన
పగిలిన ఫోను అద్దంలో.

అక్కడికీ ఇక్కడికీ అరగంటే తేడా అట.
అక్కడ వాన.
ఇక్కడ ఏటుకూరు రోడ్డు పొడుగునా లారీలు,
లారీకి నాలుగు తుమ్ములు.

ఒకటో నంబరు చొక్కా మా ఎస్తేరుది.
చెవులకి తెల్ల టేపు చుట్టుకుని
వానలో ఆవిర్లు కక్కుతూ నిలబడింది.
వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు
ఈ యార్డులోనే బస్తాలు మోశాడు.
మెడ వెనక ముద్దకట్టిన కండ తడుముకుంటూ
"నా ఆస్తంతా ఇదేనమ్మా" అని నవ్వేవాడు.
ఆ ఆస్తి కూతురికొచ్చింది.
ఆ మెడకి ఎదురుగా ఇవాళ
కజకిస్తాన్ నిలబడింది.

బాజీ మాస్టారికి రిఫరీ ఇంగ్లీషు నోరు తిరిగేది కాదు.
వంగు.
పట్టు.
కుమ్ము.
మూడు మాటలతోనే మాకు ఆట నేర్పాడు.
స్టేడియంలో క్రికెట్ పిల్లలు చోటిచ్చేవాళ్ళు కాదు గనక
నల్లపాడు రైలు కట్ట పక్క బీట్లో,
పల్లేరుకాయల మీద.
"కబడ్డీ మానేసి ఈ దోసకాయ కోసం కొట్టుకోడమేంటే" అని మా అమ్మ
మోకాళ్ళకి పసుపు రాస్తూ తిట్టేది.
తిడుతూనే రాసేది.

రెండో నంబరు నేను.
రెండో నంబరంటే మధ్యలో వేలాడేది.
కుడి చెయ్యి ఒకతి మీద, ఎడమ చెయ్యి ఎస్తేరు మీద.
నా బరువు వాళ్ళది, బంతి మాత్రం నా మడమది.
భువనేశ్వర్ క్యాంపు, నాలుగో రోజు,
ఎడమ కాలర్ బోన్
మిరపకాయ తొడిమ తుంచినట్టు చప్పుడైంది.
అంతే. అంత చిన్న చప్పుడు.

ఈ ఆటలో బంతిని ముందుకి విసరకూడదు.
పరుగు ముందుకే,
ఇవ్వడం మాత్రం వెనకున్నదానికే.
నేను వెనకే ఉన్నాను ఎస్తేరూ,
గుంటూరంత వెనక.

సగం ఆటకి ఇరవై నాలుగు, సున్నా.
తర్వాత లెక్కపెట్టడం మానేశాను.
ఆఖరి రెండు నిమిషాల్లో
గీతకి అయిదు మీటర్ల దూరంలో స్క్రమ్, బంతి మనది.
వంగు: కుర్చీలో వంగాను.
పట్టు: బల్ల అంచు పట్టుకున్నాను.
కుమ్ము:
పాసు పుస్తకం, కార్బన్ కాగితం, టీ గ్లాసు
అన్నీ కింద పడ్డాయి.
తెర మీద ఒకటే బురద గుట్ట.
గుట్ట మీంచి ఎవరో ఒడిశా పిల్ల బంతితో లేచింది,
అందరూ ఆమెని ఎత్తుకున్నారు.
అడుగున ఉన్నది ఇంకా అడుగునే ఉంది.
టేపు ఊడిన ఒక చెవి కనపడింది, అరక్షణం.
కామెంటరీలో ఆ పేరు లేదు.

"ఏం మేడమ్, గెలిచారా?" అన్నాడు
పాసు కోసం నిలబడ్డ లారీ డ్రైవరు.
"నలభై మూడు, అయిదు. ఓడిపోయాం" అన్నాను.
నా మొహం నవ్వుతున్నట్టుంది,
వాడు అనుమానంగా చూసి తుమ్మాడు.

రాత్రి పదకొండుకి వాయిస్ మెసేజి.
వెనక నీళ్ళ చప్పుడు, అమ్మాయిల గోల.
"ఒసే మస్తానీ,
ఈ రెండో నంబరు పిల్ల మంచిదే.
కానీ భుజం సన్నమే.
పట్టుకున్నాక కూడా
నా చేతిలో ఇంకా చోటు మిగులుతోంది."

మూడుసార్లు విన్నాను.
నాలుగోసారి వినలేదు.

పొద్దున అయిదింటికి బీట్లో
టైరుకి తాడు కడుతున్నాడు బాజీ మాస్టారు.
ఎందుకొచ్చావని అడగలేదు.
"ఎడమ చెయ్యి ఎత్తు" అన్నాడు.
ఎత్తాను.
చెవి దాకా వచ్చింది.
ఇంకో జానెడు.